ఈసారి పిల్లలకు ఏ మిషన్ ఇద్దాం?



పోయిన వారం మన గ్రూపులో ఒక కొటేషన్ ఫోటో వచ్చింది. ఉగాదికి పని పిల్లలకు ఇచ్చే పనిముట్ల సాయం కింద ఈసారి పది మందికి పది బ్రష్‌లెస్ ఇంపాక్ట్ డ్రైవర్లు. దాని కింద వరసగా బొటనవేళ్ళు, చేతులు జోడించిన బొమ్మలు. మేము మాత్రం వేలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగినారు. ఫోన్‌లో చెప్పి ముగించే సంగతి కాదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాం. కాఫీ పెట్టుకొని నిదానంగా చదవండి. మాది తమిళ మీడియం చదువు. తెలుగు రాత రిటైరైన తర్వాత నేర్చుకున్నది. తప్పులుంటే దిద్ది చదువుకోండి.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. పోయినేడు మిషన్లు కొనే బాధ్యత మాదే. మీటింగులో ఎవరో ‘ఇంపాక్ట్ మిషన్ ఇస్తే పిల్లలకు బాగా పనికొస్తుంది’ అన్నారు. మేము అంగడికి పోయి ‘ఇంపాక్ట్ మిషన్ ఎనిమిది కావాల’ అన్నాం. ఆయన ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టినాడు. డబ్బా మీద ఇంపాక్ట్ అని పెద్ద అక్షరాలతో ఉంది. వైరుతో నడిచేది, 13 మిల్లీమీటర్ల చక్. ఎనిమిది కలిపి కొంటే ధర తగ్గించినాడు. మాకు సంతోషం. వేదిక మీద పొన్నాడ కప్పి, డబ్బా చేతికిచ్చి, ఫోటో తీసుకున్నాం. ఆ ఫోటో ఇంకా మన హాలు గోడకు ఉంది.

రైల్వే స్టోర్స్‌లో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తా పని చేసినవాళ్ళం. ఇచ్చిన వస్తువు ఎక్కడుందో చూడకపోతే మాకు నిద్ర పట్టదు. నాలుగు నెలలు పోయిన తర్వాత ఎనిమిది మంది దగ్గరికీ పోయి చూసినాం. రోజూ వాడుతున్నది ముగ్గురే. మోడ్యులర్ కిచెన్ పని చేసే పిల్లోడు తలొంచుకొని చెప్పినాడు: ‘తప్పుగా అనుకోబాకండి పెద్దనాయనా. మీరిచ్చింది గోడ పనికి. నాది కొయ్య పని. బ్యాటరీది కొనడానికి దాన్ని సగం ధరకు అమ్మేసినాను.’ బైక్ మెకానిక్ పిల్లోడి మిషన్ అట్టపెట్టె కూడా విప్పకుండా అల్మరా మీద ఉంది. వైరింగ్ పని చేసే పిల్లోడు వాడినాడు, బాగానే వాడినాడు. ఒకరోజు స్లాబుకు తూటు వేస్తుంటే బిట్ లోపలి కమ్మికి తగిలి ఇరుక్కుంది, మోటారు ఆగలేదు, మిషనే తిరిగి వాడి మణికట్టు మెలిపడింది. పది రోజులు కూలి లేదు. వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు మళ్ళీ ‘ఇంపాక్ట్’. ఈసారి ముందర ‘బ్రష్‌లెస్’ కూడా చేరింది. అందుకే వేలు ఆగింది.

ఇంపాక్ట్ అంటే దెబ్బ. అంతే అర్థం. దెబ్బ ఎటు పడుతుందనేదాన్ని బట్టి మిషన్ మారిపోతుంది, పేరు మాత్రం మారదు. మేము పోయినేడు కొన్న ఇంపాక్ట్ డ్రిల్‌లో దెబ్బ ముందుకు పడుతుంది. లోపల పళ్ళున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి గరగర రాసుకుంటూ బిట్‌ను గోడలోకి చిన్నచిన్నగా పొడుస్తాయి. ఇటుక గోడకు, సిమెంటు పూతకు అది చాలు. గట్టి కాంక్రీటుకు అది చాలదు. దానికి రోటరీ హామర్ వేరే ఉంది. అందులో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి దెబ్బ కొడుతుంది. మనిషి బలంగా తొయ్యక్కర లేదు. చాలా రోటరీ హామర్లలో బిట్ ఇరుక్కుంటే జారిపోయే క్లచ్ కూడా ఉంటుంది. ఆ పిల్లోడి చేతిలో పోయినేడు అది ఉండి ఉంటే మణికట్టుకు అంత దెబ్బ తగిలేది కాదని మా నమ్మకం.

ఇంపాక్ట్ డ్రైవర్‌లో దెబ్బ ముందుకు కాదు, పక్కకు పడుతుంది. అంటే తిరిగే దిశలోనే పడుతుంది. ఇది మనకు కొత్త సంగతి కాదు. రైలు పట్టాల మీద నడిచే కీమ్యాన్‌ను చూసినవాళ్ళకు తెలుసు. తుప్పు పట్టిన ఫిష్‌బోల్టు నట్టు స్పానర్‌తో లాగితే రాదు. స్పానర్ పెట్టి, దాని పిడి మీద సుత్తితో ఠంగు ఠంగుమని కొడతారు. ఒక్కో దెబ్బకు కొంచెం కొంచెం కదులుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ లోపల జరిగేది అదే. స్క్రూ తేలికగా దిగుతున్నంత సేపు మామూలుగా తిరుగుతుంది. స్క్రూ బిగుసుకోగానే లోపలి సుత్తి స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కు పోయి, జారి, ముందుకొచ్చి, బిట్‌ను పట్టుకున్న దిమ్మె చెవుల మీద కొడుతుంది. నిమిషానికి మూడు వేల సార్లకు పైగా. బలం అంతా చిన్నచిన్న దెబ్బలుగా పోతుంది కాబట్టి చేతిని మెలితిప్పదు. మూడంగుళాల స్క్రూను టేకు చట్రంలోకి ఒక చేత్తో దింపొచ్చు. అదే పని మామూలు డ్రిల్ డ్రైవర్‌తో చేస్తే చివరి అరంగుళం దగ్గర మణికట్టు ఎదురు తిరగాల.

ఇంత బలముంది గదా, గోడకు తూటు వేస్తుందా అంటే వేయదు. దెబ్బ పక్కకు గదా. ఇది తెలియక పది మందికీ కొంటే, వైరింగ్ పిల్లలు వాళ్ళ వాళ్ళ అల్మరా మీద పెట్టుకుంటారు, పోయినేడు బైక్ మెకానిక్ పెట్టుకున్నట్టు.

ఆ మెకానిక్ సంగతి చెప్తే నవ్వొస్తుంది. వాడి దగ్గర ఎప్పటినుంచో ఒక ఇంపాక్ట్ డ్రైవర్ ఉంది! కరెంటూ లేదు, బ్యాటరీ లేదు. లావుపాటి ఇనుప గొట్టం. ఇంజను మూతకు ఇరుక్కుపోయిన స్టార్ స్క్రూ మీద పెట్టి నెత్తి మీద సుత్తితో కొడితే, ఆ దెబ్బ లోపల తిరుగుడుగా మారి స్క్రూ వదులవుతుంది. దాన్నీ అంగట్లో ఇంపాక్ట్ డ్రైవర్ అనే అడుగుతారు. వాడికి కావాల్సింది ఇంపాక్ట్ రెంచ్. అరంగుళం చదరపు మొన ఉంటుంది, సాకెట్ తగిలించి నట్లు ఊడదీస్తారు. లోపలి సుత్తి సూత్రం ఒకటే, మొన వేరు, బలం వేరు. ఊడదీయడానికే సుమా. ఇంజను బోల్టులను తిరిగి బిగించడం చేత్తో, టార్క్ రెంచ్‌తో చేయాల్సిన పని.

అంగట్లో ఎవరి మాటా నమ్మక్కర లేకుండా ఒక ఉపాయం చెప్తాం. డబ్బా మీది పెద్ద అక్షరాలు వదిలేసి మోడల్ నంబరు ముందరి మూడక్షరాలు చూడండి. బాష్ నీలం మిషన్లలో జీఎస్‌బీ అంటే గోడ ఇంపాక్ట్ డ్రిల్. జీడీఆర్ అంటే స్క్రూలు దింపే ఇంపాక్ట్ డ్రైవర్. జీడీఎస్ అంటే నట్టుకు వాడే రెంచ్. జీఎస్‌ఆర్ మామూలు డ్రిల్ డ్రైవర్. జీబీహెచ్ రోటరీ హామర్. తక్కిన కంపెనీలకూ వాళ్ళ వాళ్ళ అక్షరాలు ఉన్నాయి. పోయినేడు ఈ ఐదూ తెలిసి ఉంటే సంఘం డబ్బు మిగిలేది.

ఇంక బ్రష్‌లెస్ సంగతి. ఈ మాటకు మనవాళ్ళు కొంచెం ఎక్కువగానే మురిసిపోతున్నారని మా అనుమానం.

మీ ఇంట్లో మిక్సీ ఉంది గదా. వెనక సందుల్లోంచి చూస్తే తిరిగేటప్పుడు నీలం నిప్పురవ్వలు కనిపిస్తాయి. అది కార్బన్. తిరిగే భాగంలో ఉన్న రాగి చుట్టకు కరెంటు అందించాల. తిరిగేదానికి వైరు కట్టలేం గదా. అందుకని రెండు బొగ్గు ముక్కలు స్ప్రింగుతో దానికి ఆనుకొని రాసుకుంటూ ఉంటాయి. రాపిడి ఉంటే వేడి, అరుగుదల, రవ్వలు. అరిగిపోతే మిక్సీ ఆగుతుంది. మూల మీది రిపేరు అంగట్లో కొత్త కార్బన్ వేస్తే మళ్ళీ తిరుగుతుంది.

బ్రష్‌లెస్‌లో దీన్ని తిరగేసినారు. అయస్కాంతం లోపల తిరుగుతుంది, రాగి చుట్టలు బయట కదలకుండా ఉంటాయి. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది. రాసుకునేది లేదు, రవ్వ లేదు, మార్చాల్సిన కార్బన్ లేదు. చుట్టలు బయట ఉన్నందువల్ల వేడి తొందరగా పోతుంది. అదే బ్యాటరీతో ఎక్కువ స్క్రూలు దిగుతాయి. మోటారు పొట్టిగా ఉంటుంది కాబట్టి మిషన్ తల జానెడు లోపే ఉంటుంది, అల్మరా మూలలో దూరుతుంది. మే నెల ఎండలో మిద్దె మీద షీటు వేసే పిల్లోడికి ఈ వేడి సంగతి మనం చెప్పక్కర లేదు.

మాకు ఈ కార్బన్ గోల లోకో షెడ్‌లో పని చేసిన రోజుల నుంచి తెలుసు. వాప్-4 ఇంజన్లకు డీసీ ట్రాక్షన్ మోటార్లు, ఒక్కో ఇంజనుకు ఆరు. వాటికి కార్బన్ బ్రష్‌లు చూడాల, మార్చాల, ఇండెంట్ పెట్టాల. 1995లో బయటినుంచి వచ్చిన వాప్-5లోనూ, ఆ తర్వాతి వాప్-7లోనూ త్రీఫేజ్ మోటార్లు. ఆ కాగితాల్లో ట్రాక్షన్ మోటారు బ్రష్ అనే మాటే పోయింది. అవి ఇండక్షన్ మోటార్లు, ఇప్పటి డ్రైవర్లలో ఉన్నట్టు అయస్కాంతం తిరిగేవి కావు. కాని బ్రష్ పోతే పని ఎంత తగ్గుతుందో మేము కాగితాల మీద కళ్ళారా చూసినాం. ఇంకో మాట. ఇంట్లో పాత సీలింగ్ ఫ్యానుకు కూడా బ్రష్ లేదు. కాబట్టి బ్రష్ లేకపోవడమే ఏదో అద్భుతం అని అంగడివాడు చెప్తే నమ్మబాకండి. మనది కోయంబత్తూరు. జి.డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి 1937లో మోటారు చేసి చూపించిన ఊరు. మోటారు పేరు చెప్పి మనల్ని ఎవరైనా మోసం చేస్తే అది మన తప్పే.

బ్రష్‌లెస్‌కు ఉన్న కష్టం కూడా చెప్పాల. బ్రష్ మిషన్ ఆగితే కొద్ది రూపాయల కార్బన్. బ్రష్‌లెస్ ఆగితే చాలాసార్లు ఆ బోర్డు. దాన్ని మూల మీది అంగట్లో విప్పి బాగు చేసేవాళ్ళు తక్కువ, మొత్తం మార్చాల, ఖర్చు గట్టిగా అవుతుంది. మనకొచ్చిన కొటేషన్‌లోనే బ్రష్ ఉన్నదానికీ లేనిదానికీ ధర ఒకటిన్నర రెట్లు తేడా. రోజూ వంద స్క్రూలు దింపేవాడికి ఆ తేడా తిరిగొస్తుంది. నెలకొకసారి పటం తగిలించే మాలాంటివాళ్ళకు రాదు. కాంక్రీటుకు తూటు వేసే పిల్లోడికైతే వైరుతో నడిచే, బ్రష్ ఉన్న రోటరీ హామరే మేలని మా అభిప్రాయం. సైటులో ఎట్లాగూ కరెంటు ఉంటుంది, బ్యాటరీల ఖర్చు మిగులుతుంది. పాత రకం గదా అని చిన్నచూపు వద్దు.

కొయ్య పని పిల్లల్ని అడిగితే వాళ్ళు ఒక మిషన్‌తో సరిపోదంటారు. ముందు తూటు వేయడానికి డ్రిల్ డ్రైవర్, తర్వాత స్క్రూ దింపడానికి ఇంపాక్ట్ డ్రైవర్. డ్రిల్ డ్రైవర్ మెడ మీద అంకెలున్న రింగు ఉంటుంది, అది క్లచ్. స్క్రూ కావాల్సినంత బిగియగానే టకటకమని జారిపోతుంది. కబ్జా స్క్రూ లాంటి చిన్నదానికి, పార్టికల్ బోర్డుకు ఆ నిదానం కావాల. మామూలు ఇంపాక్ట్ డ్రైవర్‌కు ఆ రింగు లేదు. కొత్తవాటిలో వేగం తగ్గించే బటన్ ఉంటుంది, అయినా చేయి అలవాటు పడాల. లేకపోతే ఇత్తడి స్క్రూ తల తెగిపోతుంది, బోర్డు పిండి అవుతుంది. స్విచ్‌బోర్డు టెర్మినల్ స్క్రూల దగ్గరికి దాన్ని అసలు తీసుకుపోవద్దు.

డబ్బా మీది అంకెల్ని కూడా మా గ్రూపులో ఒకరు పోల్చి పెట్టినారు: డ్రిల్ డ్రైవర్‌కు 50, 60 న్యూటన్ మీటర్లు, ఇంపాక్ట్ డ్రైవర్‌కు 160, 180. కాబట్టి ఇదే మూడింతలు మంచిది అని. అది ఎట్లుందంటే ఎత్తిన బరువునూ సుత్తి దెబ్బనూ ఒకే తక్కెడలో పెట్టినట్టుంది. ఒకటి నిలకడగా తిప్పే బలం, ఇంకొకటి దెబ్బ మీద దెబ్బ పడి చేరే బలం. వోల్టులదీ అదే కథ. 18 వోల్టులు, 20 మ్యాక్స్, 21 వోల్టులు అని మూడు డబ్బాలు ఉంటే మూడింటిలోనూ ఐదు సెల్లులే. ఒక్కో సెల్లు మామూలుగా 3.6, నిండా చార్జ్ అయినప్పుడు 4.2. ఐదుతో మీరే గుణించుకోండి. ఆన్‌లైన్‌లో 88 వీఎఫ్ అని వస్తున్నవి ఉన్నాయి, ఆ వీఎఫ్ అనేది వోల్టు కాదు. చూడాల్సింది వోల్టునూ ఆంపియర్ అవర్‌నూ గుణించిన లెక్క. 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ బ్యాటరీ 36 వాట్ అవర్లు, 4 అయితే 72. కొటేషన్‌లో మిషన్ ధర మాత్రమే ఉంది. బ్యాటరీ ఎంతది, ఒకటా రెండా, చార్జర్ ఉందా అనేది లేదు. రైల్వేలో అయితే ఇట్లాంటి కొటేషన్ మా బల్ల దాటేది కాదు.

పది మందికీ సమానంగా ఇవ్వకపోతే గొడవలొస్తాయని కోశాధికారి గారు అంటున్నారు. ఆయన భయం న్యాయమైనదే, ఆ గొడవలు తీర్చాల్సింది ఆయనే గనక. కాని సమానం చేయాల్సింది డబ్బును, డబ్బాను కాదు. తలకింత అని మొత్తం పెట్టి, ఎవరి పనికి ఏది కావాలో వాళ్ళనే చెప్పమందాం. ఇండెంట్ రాసేది వాడేవాడు, కొనేవాడు కాదు. డబ్బే చేతికిచ్చేస్తే పోదా అని ఇంకొకరు అడిగినారు. ఇంటి కష్టాలు మనకు తెలియనివా, స్కూలు ఫీజు ముందర మిషన్ నిలవదు. బిల్లు మనం అంగడికి నేరుగా కట్టేద్దాం, బిల్లు మాత్రం పిల్లోడి పేరు మీద ఉండాల. పోయినేడు ఎనిమిది బిల్లులూ సంఘం పేరు మీద వేయించి, వారంటీ కార్డులు మా ఇంటి బీరువాలో భద్రంగా పెట్టుకున్నాం. ఒక పిల్లోడు మిషన్ ఆగిపోయి రెండు నెలలు ఊరికే ఉన్నాడు, అది వారంటీలో ఉందని వాడికి తెలియనే తెలియదు.

బ్యాటరీ మిషన్లు తీసుకునేవాళ్ళందరికీ ఒకే కంపెనీ, ఒకే రకం బ్యాటరీ అయితే మేలు. ఒకే సైటులో పని చేసే మన పిల్లలు నలుగురున్నారు, అవసరానికి ఒకరిది ఒకరు వాడుకోవచ్చు. ఇంపాక్ట్ డ్రైవర్ తీసుకునేవాళ్ళకు దెబ్బ తట్టుకునే ఇంపాక్ట్ బిట్లు, చెవిలో పెట్టుకునే ప్లగ్గులు కూడా అదే లెక్కలో చేర్చాల. ఆ మిషన్ సద్దు చెవికి మంచిది కాదు. ఇరవై ఏళ్ళ పిల్లోడికి అది ఇప్పుడు తెలియదు. లోకో షెడ్‌లో సుత్తుల మధ్య పని చేసి, ఇప్పుడు మీటింగులో ముందు వరసలో కూర్చుంటే గాని మాట వినపడని మా స్నేహితులు ఇద్దరున్నారు. వాళ్ళను అడగండి.

వైరింగ్ పిల్లోడికి ఈసారి జాబితాలో పేరు లేదు, ఒకసారి ఇచ్చినవాళ్ళకు మళ్ళీ ఇవ్వకూడదని రూలు. రూలు మంచిదే. కాని పోయినేడు వాడికి ఇచ్చింది వాడు అడిగింది కాదు, మేము అనుకున్నది. వాడికి ఒక రోటరీ హామర్ కొనే ఖర్చులో సగం మేము పెట్టుకుంటాం. తక్కిన సగం సంఘం పెడుతుందా లేదా అనేది ఆదివారం మీటింగులో అడుగుతాం.

ఈ పోస్టు మన పిల్లల్లో చాలామంది చదవలేరు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అక్షరం తమిళమే వచ్చు, మా చిన్నప్పటి మాదిరే. అందుకని ఇదంతా వాయిస్ మెసేజ్‌గా చదివి రేపు గ్రూపులో పెడతాం. జాబితాలో ఉన్న పది మందీ మీటింగు లోపల మూడు మాటలు పంపితే చాలు: పేరు, రోజూ చేసే పని, ఇప్పుడు చేతిలో ఉన్న మిషన్. తమిళంలో రాసినా సరే.